పచ్చబొట్టు మీద పౌడరు

నా ముఖానికి ఏది నప్పుతుందో నాకు ఏ వయసులోనూ తెలిసి చావలేదు. చిన్నప్పుడు అమ్మ పెట్టింది పెట్టించుకున్నాను. బోర్డింగులో టీచరమ్మ తుడుచుకోమంటే తుడుచుకున్నాను. పెళ్లయ్యాక అత్త పూసింది పూయించుకున్నాను. ఇప్పుడు పూసేవాళ్లూ లేరు, తుడిచేవాళ్లూ లేరు. అద్దం ముందు నిలబడితే అందులోని ముసలిది 'నన్నడుగుతావేందే, నాకేం తెలుసు' అన్నట్టు చూస్తుంది. మా మనవరాళ్లు రకరకాల రంగులు కొనుక్కొచ్చి పూసుకుని, "అవ్వా, ఇది నాకు బాగుందా?" అని అడుగుతారు. బాగుందంటాను. ఇంకేమనను? ఈ విద్య నాకు నేర్పాల్సిన ఇద్దరూ, మా అమ్మా మా అత్తా, తమ నుదుళ్ల సంగతే తేల్చుకోలేక అవస్థపడ్డారు.

మా తాలూకా కర్నూలు జిల్లాలో, ఆ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల మాట ఇది. మాది మార్కాపురం దగ్గర పల్లె. నాయన పలకల గనిలో రాయి తవ్వేవాడు. అమ్మ షెడ్డులో కూర్చుని పలకలు చదునుగా రుద్దేది. వానలు పడితే ఇద్దరూ గని మాని ఆసాముల చేలల్లో కూలికి పోయేవాళ్లు. గని పని ఉన్నన్నాళ్లూ మా అమ్మ ముఖం పలక రంగులోనే ఉండేది. కనుబొమలు, ముక్కు, చెంపలు అన్నీ ఒకటే బూడిదరంగు. ఆ దుమ్ములో కళ్లూ పళ్లూ మాత్రం తెల్లగా కనిపించేవి. శనివారం సాయంత్రం సీకాయతో తలంటుకుని, ముఖం రుద్ది రుద్ది కడుక్కునేది. ఆదివారం పొద్దున చర్చికి బయలుదేరేసరికి నుదుటి మీద పచ్చబొట్టు నిగనిగలాడుతూ తేలేది. నిలువుగా చిన్న గీత, దాని కింద చుక్క.

చూశారా తిరకాసు! మేము క్రైస్తవులం. మావాళ్లు బొట్టు పెట్టుకోరు. వారమంతా దుమ్ము కొట్టుకుని ఉన్నప్పుడు మా అమ్మ నిఖార్సయిన క్రైస్తవురాలు. దేవుడి దగ్గరికి పోదామని శుభ్రంగా కడుక్కుంటే అన్యురాలు.

మా పల్లెకు ప్రసంగం చెప్పడానికి వచ్చే అయ్యగార్లు మారుతూ ఉండేవారు. కొత్తగా వచ్చిన ప్రతి అయ్యగారూ మొదటి ఆదివారమే మా అమ్మను గుమ్మంలో ఆపేవారు.

"ఏమమ్మా, ప్రార్థనకు వచ్చేటప్పుడు బొట్టు తుడుచుకుని రావాలని తెలియదా?"

"తుడిస్తే పోయేది గాదయ్యగారూ. పొడిపిచ్చింది."

"ఎవరు పొడిపించారు?"

"మాయమ్మ."

"ఆమె బాప్తిస్మం తీసుకున్నదేనా?"

అమ్మ కొంగును కనుబొమల దాకా లాక్కుని, పోయి అందరికంటే వెనక కూర్చునేది. పాటలు మాత్రం అందరికంటే గట్టిగా ఆమే పాడేది. ముందు వరసలో వాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు, తిరిగి చూస్తే కొంగు ఇంకా కిందికి దిగేది. నాకు నవ్వూ వచ్చేది, ఉక్రోషమూ వచ్చేది. ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను.

ఆ పచ్చబొట్టు కథ అమ్మ నాకు తల దువ్వుతూ చెప్పింది. అమ్మకు పాలపళ్లు ఊడుతున్న వయసులో, పచ్చబొట్లు పొడిచే ఎరుకలమ్మ ఊళ్లోకి వచ్చిందట. మా అవ్వ దోసెడు జొన్నలు ఇచ్చి, కూతుర్ని ఒళ్లో పడేసుకుని, తలను మోకాళ్ల మధ్య అదిమిపెట్టి పొడిపించిందట. పిల్ల గుక్కపట్టి ఏడిస్తే అవ్వ ఏమందో అమ్మ అచ్చం ఆమె గొంతుతోనే చెప్పేది.

"ఏడవబాకే. రేపు మనం పోయినాక సొమ్ములన్నీ ఈడనే ఇడిపిచ్చుకుంటారు. పచ్చ ఒక్కటే మనతో గూడ వస్తది. ఆడ అంత గుంపులో నువ్వు నా బిడ్డవని నేను గుర్తుపట్టొద్దా?"

ఆ ఏడే గత్తర, అదే కలరా, తగిలి అవ్వ పోయింది. ఆమె పోయాక తాత బాప్తిస్మం తీసుకున్నాడు. అమ్మకు అవ్వ ముఖం లీలగా కూడా గుర్తులేదు. గొంతూ, నుదుటి మీద ఆ గీతా చుక్కా, అంతే మిగిలాయి. బాప్తిస్మం లేనివాళ్లు పరలోకంలో ఉండరని అయ్యగార్లు చెప్పేవారు. నేను ఊరుకోక అడిగాను.

"మరి అవ్వ యాడుంటదమ్మా?"

"యాడో ఒకాడ ఉంటది."

"నువ్వు పరలోకానికి పోతే అవ్వ నిన్నెట్ల గుర్తుపడతది?"

అమ్మ దువ్వెనతో నెత్తి మీద ఒకటి ఇచ్చింది. జడ పాయలు తీస్తూ తనే అంది, "యాడున్నా సూస్తదిలే. దూరం నించైనా కనపడతది గదా, పచ్చగా."

నాకు మాత్రం ఆమె పచ్చబొట్టు పొడిపించలేదు. అయ్యగారితో మళ్లీ మాటలు పడలేక. "మరి నన్నెట్ల గుర్తుపడతావు?" అంటే, "నీ నోరు ఇని గుర్తుపడతా, అంత నోరు ఆడ ఇంకోదానికి ఉండదులే" అంది. దిష్టి చుక్క విషయంలోనూ ఇదే అవస్థ. బుగ్గన పెడితే అయ్యగారు చూస్తారని కాటుక చుక్క నా అరికాలికి పెట్టేది. అయ్యగారికి కనపడని చోటు దేవుడికి కనపడదా అని అడిగాను. నోర్మూసుకోమంది.

తర్వాత నన్ను మిషను బోర్డింగులో చేర్చారు. అక్కడ పూలు వద్దు, కాటుక వద్దు, గాజులు వద్దు, బొట్టు మాట ఎత్తనే వద్దు. సరే, ఇదొక పద్ధతి, అర్థమైందనుకున్నాను. అంతలో వేసవి వచ్చింది. మా టీచరమ్మ రేకుడబ్బా తెరిచి, వరసగా నిలబెట్టి, అందరి ముఖాలకూ తెల్లటి పౌడరు అద్దింది. మద్రాసు నుంచి వచ్చిన వాసన పౌడరు. నేను మాట్లాడకుండా ఉండగలనా?

"టీచరమ్మా, ఇది సింగారం కాదా?"

"కాదు, చెమటకాయలకు మందు."

"నా ముఖాన చెమటకాయలు లేవు గదా?"

"వాదించకు."

నలుపు దిద్దుకుంటే సింగారం, తెలుపు పూసుకుంటే శుభ్రం అని నాకు నేను చెప్పుకున్నాను. అద్దంలో చూసుకుంటే బూడిదగుమ్మడికాయలా ఉన్నాను. పక్క పిల్లలు బాగుందన్నారు. వాళ్లూ అలాగే ఉన్నారు, ఏమంటారు మరి! చదువు ముగిసి, టీచరు ట్రైనింగు కూడా పూర్తయ్యాక, ఆ టీచరమ్మ నాకు ఒక పౌడరు డబ్బా బహుమతిగా ఇచ్చింది. పూసుకుని ఇంటికి వెళ్తే నాయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏందమ్మా, సున్నపుబట్టీలో పడినావా?"

ఆ ఏడే సంబంధం వచ్చింది. గిద్దలూరు వైపు మిషను బడిలో టీచరు. ఒకసారి టీచర్ల సభలో ఆయనను చూశాను. నేను లేచి ఏదో అడ్డంగా అడిగితే, అందరూ ముఖం చిట్లించారు, ఆయన ఒక్కడే నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, ముచ్చటపడి నవ్విన నవ్వు. దాచడమెందుకు, నాకు ఆ మనిషే కావాలనిపించింది.

చిక్కంతా ఆయన తల్లితోనే వచ్చింది. భర్త పోయి చాలా కాలమైంది. ఆమె బైబిలమ్మ, అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పే మనిషి. మహా గట్టిది. అంతకుముందు ఎక్కడో పిల్లను చూడబోయి, ఆ పిల్ల జబ్బకు నల్లదారం కనపడితే మంచినీళ్లు కూడా ముట్టకుండా లేచి వచ్చేసిందట. ఈ సంబంధం తెచ్చిన మా అయ్యగారే ఆ సంగతి చెప్పి, మా అమ్మ నుదుటి వైపు చూసి, గొంతు సవరించుకున్నారు.

"ఆమె కంట అది పడిందంటే సంబంధం పోయినట్టే, చూసుకోండి."

మర్నాడు మధ్యాహ్నం నేను బిందెతో నీళ్లు తెచ్చేసరికి అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. చెంగులో నల్లజీడి గింజలు, చేతిలో సూది. చాకలివాళ్లు బట్టలకు గుర్తులు పెట్టే గింజలవి. వాటి రసం తగిలితే ఒళ్లు కాలి పుండవుతుంది. చాకలమ్మను అడిగి తెచ్చుకుందట. ఒక గింజను సూదితో గుచ్చి పొయ్యి సెగకు చూపిస్తోంది. రసం ఊరుతోంది. నాకు విషయం తెలిసేసరికి బిందె జారి కింద పడింది.

"ఏం చేస్తున్నావమ్మా!"

"అరవబాకు. నాలుగు దినాలు పుండు ఉంటది, మానిపోతది. వాళ్లొచ్చేసరికి పొక్కు గట్టి రాలిపోతది."

"నా పెళ్లి కోసరం అవ్వను కాలుస్తావా?"

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. అమ్మ చెయ్యి ఆగింది. "నీకు ఆ పిల్లగాడు కావాలనుంది గదే" అంది. కావాలనే ఉంది. కావాలి, అమ్మ నుదురూ కావాలి. రెండూ ఒక్కసారి ఉండే దారి కనపడక నేను బావురుమన్నాను. సూదితో సహా గింజ లాక్కుని బయట పారేశాను. మిగతావి అమ్మ చెంగులో ముడేసుకుంది. నాయన వచ్చి, ఇద్దరి ఏడుపూ చూసి, "నాకేం తెలుస్తదమ్మా, ఆడోళ్ల ముఖాల సంగతి" అని మళ్లీ బయటికి పోయాడు.

"వాళ్లొచ్చే దాకా టైముంది. అది కనపడకుండ నేను చేస్తా. చేయలేకపోతే అప్పుడు నీ ఇష్టం" అన్నాను.

ముందు నా పౌడరు అద్దాను. చామనచాయ మీద తెల్లగా పాలిపోయినట్టయింది, దాని అడుగునుంచి పచ్చబొట్టు ఇంకా బాగా కనపడింది. తెల్లగుడ్డ కింద పచ్చిమిరపకాయ పెట్టినట్టుంది. అమ్మ అద్దంలో చూసుకుని పకపకా నవ్వింది. అప్పుడు తట్టింది నాకు. వారమంతా ఈ బొట్టును దాచేది ఏమిటి? పలకల దుమ్మే కదా! షెడ్డు నుంచి దుమ్ము తెప్పించి, పలచటి గుడ్డలో జల్లించి, ఆముదంతో కలిపి పూశాను. మరీ బూడిదరంగు. ఎర్రమన్ను కలిపాను. మరీ ఎరుపు. పసుపు వేశాను. కామెర్లు వచ్చిన మనిషిలా అయింది. ఒకటి తగ్గించి, ఒకటి పెంచి, నా ముంజేతి మీద చూసుకుని, మళ్లీ ఆమె నుదుటి మీద చూసి, అలా ఎన్ని మధ్యాహ్నాలు పోయాయో. మా అమ్మ ముఖం ఏ రంగో నాకు తెలుసనుకునేదాన్ని. తీరా చూస్తే కొంగు కింద నుదురు ఒక రంగు, చెంపలు ఒక రంగు, కణతలు ఇంకో రంగు. ఏ రంగుకు కలపాలో తెలియక తల తిరిగిపోయింది. ఆఖరికి ఒకరోజు కుదిరింది. వేలితో అద్ది, ఆరనిచ్చి, రెండడుగులు వెనక్కి వేసి చూశాను. నుదురు ఖాళీగా ఉంది.

కుదిరినందుకు సంతోషించాలి కదా. నాకు మా అమ్మ ఎవరో పరాయి మనిషిలా కనిపించింది. అమ్మ అద్దంలో చూసుకుని, "బాగనే ఉందిలే" అని అద్దం బోర్లించింది.

వాళ్లు ఎండలు మండుతున్న రోజుల్లో వచ్చారు. రైలు దిగి, బండి కట్టించుకుని, తల్లీ కొడుకూ. మా అయ్యగారు ఎదురెళ్లి తీసుకొచ్చారు. ఆమె తెల్లచీర, చేతిలో బైబిలు, ముఖాన పౌడరు. నేను మొదట చూసింది ఆ పౌడరే. చెంపలకు లేతగా ఉంది కానీ నుదుటి మీద మాత్రం మందంగా, పూత వేసినట్టుంది. 'ఇంత గట్టి మనిషికి ఇంత సోకేంది' అనుకున్నాను. నల్లదారం తప్పు, తెల్లపూత తప్పు కాదు! బోర్డింగులో మొదలైన నా తికమక అక్కడా నన్ను వదల్లేదు.

ఆమె ప్రార్థన మొదలుపెట్టింది. ఎంతకీ ఆమెన్ రాదు. గుడిసెలో ఉక్క. అమ్మకు చెమట పడితే కొంప మునుగుతుంది. నేను కళ్లు మూసుకోకుండా తాటాకు విసనకర్ర తీసుకుని అమ్మకు విసరసాగాను. ప్రార్థన అయ్యాక నాయన నన్ను పక్కకు లాగి, "అత్తకు ఇసరాల్సింది పోయి అమ్మకు ఇసురుతావేందే, నవ్వుతారు" అని గొణిగాడు. ఆయన, అంటే పెళ్లికొడుకు, నిజంగానే నవ్వు ఆపుకుంటున్నాడు.

భోజనాలకు కూర్చున్నారు. జొన్నరొట్టె, కోడిపులుసు. అమ్మ పులుసుకుండ మీదికి వంగింది. ఆవిరి నేరుగా ముఖానికి కొట్టింది. విసనకర్రతో నేను చేరేలోపే, మట్టిరంగు చుక్క ఒకటి నుదుటి నుంచి జారి, ముక్కు పక్కగా దిగి, గడ్డం మీద ఆగింది. అమ్మ గబుక్కున కొంగు లాక్కుంది. అప్పటికే పెళ్లికొడుకు తల్లి చూసింది.

గుడిసెలో ఎవరూ నమలడం లేదు. అయ్యగారు, "అది చిన్నప్పటిదమ్మా, వీళ్లు ఎరగక..." అని అందుకోబోయారు.

"మీరు తినండి అయ్యగారూ" అని ఆమె లేచింది. పోయింది, అంతా పోయింది అనుకున్నాను. ఆమె గుమ్మం వైపు పోలేదు. అమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"వదినా, కొంగు తియ్యి."

అమ్మ తియ్యలేదు. ఆమే తీసింది. లోటాలో తన కొంగు తడిపి, అమ్మ నుదురు మెల్లగా తుడిచింది. పలకదుమ్ము, ఎర్రమన్ను, ఆముదం, నా పనితనమంతా ఆ తెల్లచీర అంచుకు అంటుకుంది. గీతా చుక్కా బయటపడ్డాయి. ఆమె చాలాసేపు చూసింది.

"నువ్వు కాల్చుకోలేదా?"

"కాల్చుకుందామనే గింజలు తెచ్చుకుంటి వదినా" అంది అమ్మ, ఏడుపు గొంతుతో. "ఈ పిల్ల పడనీలేదు. నీకు ఇష్టం లేకుంటే ఇప్పుడైనా కాల్చుకుంటా. సంబంధం మాత్రం ఇడిసిపెట్టబాకు."

ఆమె తన కొంగునే ఇంకోవైపు తిప్పి, తన నుదురు తుడుచుకుంది. పౌడరు పోయిన చోట రూపాయంత గుండ్రటి మచ్చ. ఎప్పుడో కాలిన మచ్చ, నున్నగా, మెరుస్తూ.

"నేను కాల్చుకుంటి. ఎవురూ చెప్పలేదు. బైబిలు పనికి పోయేదానికి ముఖాన ఇదేంది అని నాకు నేనే కాల్చుకుంటి. అది మాయమ్మ పొడిపిచ్చింది."

"మీయమ్మ ఏమనింది?" అని అమ్మ అడిగింది.

"ఏమీ అనలేదు. ముఖం అటు తిప్పుకుంది. పోయేదాకా మళ్లా నా ముఖం సరిగ్గ సూడలేదు."

తర్వాత ఆమె చెయ్యి చాపింది. "ఆ గింజలు యాడున్నయి? తే ఇట్ల." అమ్మ చెంగు ముడి విప్పి ఇచ్చింది. ఆమె గుమ్మంలోకి పోయి వాటిని కంపచెట్లలోకి విసిరికొట్టి, చేతులు కడుక్కుని, వచ్చి తన ఆకు ముందు కూర్చుంది. "పులుసు సల్లారిపోతాంది. వడ్డించు వదినా" అంది. అదే మాకు ఒప్పుకోలు.

పెళ్లినాడు నా ముఖం మీద పెద్ద రభసే జరిగింది. అమ్మ తెల్లారకముందే నలుగు పెట్టి పసుపు రాసింది. అత్త వచ్చి, 'ఇదేంది పసుపు' అని కడిగించి పౌడరు పూసింది. పసుపు పూర్తిగా పోలేదు, పౌడరు సరిగ్గా అంటలేదు. అక్కడో ముద్ద, ఇక్కడో ముద్ద. "బాగుందా?" అంటే ఒకతె బాగుందంది, ఒకతె ఏదోలా ఉందంది. అమ్మ తన సంగతి అత్తను అడిగింది, నుదుటికి పూత పుయ్యాలా వద్దా అని. "నీ ఇష్టం వదినా" అంది అత్త. 'నీ ఇష్టం' అన్న మాట అమ్మతో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆమె తేల్చుకోలేక, కొంగును సగం లాగి సగం వదిలి, ముందు వరసలో కూర్చుంది.

నల్లదారానికే లేచి వచ్చేసిన మనిషివి, పచ్చబొట్టును ఎలా ఒప్పుకున్నావని పెళ్లయ్యాక అత్తను అడిగాను. "ఏమో, ఆ పొద్దు ఎండగా ఉండె" అంది. ఇంకొంచెం గుచ్చి అడిగితే కసురుకుంది.

గిద్దలూరు వైపు ఆ మిషను బడివాళ్లు ఇచ్చిన ఇంట్లోనే నా కాపురం. అత్త రోజూ పొద్దున్నే నుదుటికి పూత వేసుకుని పనికి పోయేది, నాకూ ఇంత పూసేది. పిల్లలు పుట్టారు. నేను పాఠాలు చెప్పడానికి బడికి పోయేటప్పుడు పూసుకోవడం మానేశాను, మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ మానేశాను. తర్వాత యుద్ధం వచ్చింది. బియ్యం, కిరసనాయిలే దొరకని రోజుల్లో పౌడరు ఎక్కడ దొరుకుతుంది? డబ్బా అడుగు గీరి గీరి, అదీ అయిపోయాక అత్త ఇల్లు కదలడం మానేసింది. ఆ మచ్చ వేసుకుని నలుగురి ముందు వాక్యం చెప్పలేనంది. అమ్మకు కబురు పెట్టాను. రైల్లో వచ్చేవాళ్ల చేతికి పలకదుమ్ము మూట పంపింది. మళ్లీ కూర్చుని, ఈసారి అత్త రంగుకు కలిపాను. మచ్చ మీద రంగు నిలవక జారిపోయేది. ఎలాగో నిలబెట్టాను.

అత్త పెద్దదైంది. మతి అటూ ఇటూ అవసాగింది. ఒకరోజు పొద్దున పూత వేయబోతే నా చెయ్యి పట్టుకుంది.

"నాది ఎట్లుండె?"

"ఏంది అత్తా?"

"పచ్చ. నా పచ్చ ఎట్లుండె? చుక్కనా, నెలవంకనా?"

నేనెక్కడ చూశాను? నేను ఆ ఇంట్లో కాలు పెట్టేనాటికే అది మచ్చ. ఆమెకూ గుర్తు రావడం లేదు. కాటుక తెచ్చి చుక్క పెట్టి అద్దం చూపించాను. "ఇది గాదు" అంది. తుడిచి నెలవంక గీశాను. "ఇది గాదు." మూడు చుక్కలు, నిలువు గీత, అడ్డగీత. "ఇది గాదే, ఇది గాదు." అప్పటినుంచి రోజూ ఇదే పని. ఎవరైనా వస్తారేమోనని తలుపు వేసుకుని, బైబిలమ్మ నుదుటికి బొట్లు పెట్టడం, చెరపడం. నాకు ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు.

"ఎందుకత్తా ఇదంతా ఇప్పుడు?" అన్నాను ఒకరోజు విసుగొచ్చి.

"మాయమ్మ నన్నెట్ల గుర్తుపడతది?"

"నీకు తెలీనిదా అత్తా, దేవుడు పేరు పెట్టి పిలుస్తాడు గదా."

ఆమెకు కోపం వచ్చింది. "అది నాకు చెప్తావా నువ్వు? ఊరూరా చెప్పినదాన్ని నేను. దేవుడు పిలుస్తాడే. అమ్మ గదా పిలవాల్సింది!"

ఆ ఎండాకాలమే ఆమె పోయింది. ఆ గుర్తు ఏదో ఆఖరిదాకా దొరకలేదు.

అమ్మ మధ్యాహ్నం రైల్లో వచ్చింది. అప్పటికి అత్తకు స్నానం చేయించి, తెల్లచీర కట్టి, పెట్టెలో పడుకోబెట్టాం. బయట అయ్యగారు, చర్చివాళ్లు, మా ఆయన, అందరూ కాచుకుని ఉన్నారు. నేను ఒక చేతిలో పలకదుమ్ము పూత, ఒక చేతిలో కాటుక పట్టుకుని ఆమె తల దగ్గర కూర్చుని ఉన్నాను. మచ్చ కప్పాలా? అలా వదిలెయ్యాలా? ఏదో ఒక బొట్టు పెట్టాలా? ఏది పెట్టినా 'ఇది గాదు' అంటుందేమోనని చెయ్యి కదల్లేదు. అమ్మతో జరిగిందంతా చెప్పాను. రోజూ ఆమె ఏమడిగేదో, ఎన్ని రకాలు గీసి చూపించానో, అన్నీ. అమ్మ వింటూ అత్త నుదుటి మీది మచ్చను వేలితో తడిమింది. తర్వాత లేచి తలుపు మూసి, వచ్చి నాకు ఎదురుగా కూర్చుని, కొంగు తల మీద నుంచి పూర్తిగా తీసేసింది.

"నాది సూసి గియ్యి."

"నీదా?"

"ఆయమ్మది యాడని ఎతుకుతావు? నాదే పెట్టు. మాయమ్మ సూసి పిలుచుకుంటదిలే."

నేను అమ్మ నుదురు చూస్తూ అత్త నుదుటి మీద గీశాను. నిలువుగా చిన్న గీత, దాని కింద చుక్క. మచ్చ నున్నగా ఉండి కాటుక జారింది. అమ్మ తన వేలితో అదిమి నిలబెట్టింది. పూర్తయ్యాక ఇద్దరి నుదుళ్లూ ఒకేలా ఉన్నాయి. నాకు దుఃఖం ఆగలేదు, నా నోరూ ఆగలేదు.

"అమ్మా, ముందు ఈమె పోతది. తర్వాతెప్పుడో నువ్వు పోతావు. ఇద్దరు కూతుళ్లేందబ్బా అని అవ్వ తికమకపడదా?"

అమ్మ కళ్లు తుడుచుకుంది. నా చేతిలోని పూత తీసుకుని, బయటివాళ్లకు కనపడకుండా ఆ గుర్తు మీద పలచగా అద్దింది.

"పడనీలే" అంది. "తికమకపడితే ఇద్దర్నీ పిలుచుకుంటది."